లైబ్రరీ క్యాటలాగ్ ని క్లౌడ్ లోకి ఎక్కించడం: ప్రాజెక్టు డైరీ

మొదలు: అసలు యాప్ ఏంటి

తెనాలి దగ్గర మా ఊళ్ళో ఒక చిన్న లైబ్రరీ ఉంది, ప్రభుత్వానిది కాదు, రిటైరైన మాస్టారు ఒకాయన ఇంకో ఇద్దరు ముగ్గురిని కలుపుకుని నడుపుతున్నారు. వేటపాలెం సారస్వత నికేతనం లాగా 1918 నుంచీ ఉన్నదేం కాదు, ఒక హాలు, బీరువాలు, నాలుగు వేల దాకా పుస్తకాలు, అంతే. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళారో రిజిస్టర్ లో రాస్తారు, ఆ రిజిస్టర్ లో వెతకడం మాస్టారి వల్ల తప్ప ఇంకెవరి వల్లా కాదు. దానికోసం జాంగో లో, అంటే పైథాన్ భాషలో వెబ్ యాప్ లు కట్టే సాధనంలో, ఒక యాప్ రాశా. వెర్షన్ 5.2, ఎక్కువ కాలం సపోర్ట్ ఉండేది కదా అని. కింద డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. పుస్తకం వెతకడం, ఇవ్వడం, తీసుకోవడం, మెంబర్ కార్డు పీడీఎఫ్, గడువు దాటినవాళ్ళ లిస్టు, కవర్ ఫోటోలు. ఇవన్నీ నా లాప్‌టాప్ లో బంగారంలా నడుస్తున్నాయి, ఇప్పుడు దాన్ని మాస్టారి ఫోన్ లో కూడా తెరుచుకునేలా చెయ్యాలి.

డేటా గురించి ఒక మాట చెప్పాలి ఎందుకంటే తర్వాత వచ్చిన తలనొప్పులు సగం అక్కణ్ణించే. క్యాటలాగ్ ని ఎప్పుడో డీటీపీ చేయించి చిన్న పుస్తకంగా వేశారు, ఆ పేజ్‌మేకర్ ఫైల్ మాస్టారు భద్రంగా సీడీలో దాచారు. మొత్తం అను ఫాంట్లలో ఉంది. తెలిసినవాళ్ళకి అర్థమైపోయి ఉంటుంది. ఆ ఫైల్ లో నిజానికి తెలుగు అక్షరాలు ఉండవు, ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ ఉంటాయి, వాటి బొమ్మల్ని ఫాంట్ తెలుగులా చూపిస్తుంది. కాపీ చేసి ఇంకో చోట పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు. కన్వర్టర్ లో వేసి యూనికోడ్ చేశా, చాలావరకు బానే వచ్చింది గానీ కొన్ని చోట్ల ఒత్తు పక్క అక్షరానికి పోయింది, కొన్ని చోట్ల దీర్ఘం ఊడింది. అవన్నీ మాస్టారే కూర్చుని ఎక్సెల్ లో దిద్దారు, నేను దిద్దుంటే ఇంకా నాశనం అయ్యేది.

తర్వాతి వారం: ముందు సులువు దారి

అందరూ చేసేదే నేనూ చేశా, గిట్ పుష్ కొడితే, అంటే కోడ్ పైకి పంపితే, దానంతట అదే బిల్డ్ చేసి నడిపే ప్లాట్‌ఫామ్ ఒకటి, ఫ్రీ టైర్ ఉంది, పేరు అనవసరం. ఒకప్పుడు ఈ పనికి అందరూ హెరోకు అనేవాళ్ళు, 2022 నవంబర్ 28 తో వాళ్ళు ఫ్రీ ప్లాన్లు ఆపేశాక జనం తలో దిక్కూ పోయారు. పద్ధతి మాత్రం ఇప్పటికీ వాళ్ళు నేర్పినదే. సెట్టింగులన్నీ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ లో, డేటాబేస్ అడ్రస్ కూడా అందులోనే, ఏ పోర్ట్ మీద వినాలో ప్లాట్‌ఫామ్ చెప్తుంది, యాప్ దగ్గర సొంతంగా ఏమీ దాచుకోకూడదు.

జాంగో వైపు చేసినవి గబగబా చెప్పేస్తా. డీబగ్ (తప్పుల వివరాలు చూపించే మోడ్) ఆఫ్. సీక్రెట్ కీ కోడ్ లోంచి బయటికి. అలౌడ్ హోస్ట్స్ (ఏ పేర్లతో పిలిస్తే సైట్ పలకాలో చెప్పే లిస్టు) లో డొమైన్. టెస్టింగ్ కోసం జాంగో తో వచ్చే రన్‌సర్వర్ బదులు, అసలు వాడకానికి పనికొచ్చే సర్వర్ గునికార్న్. పేజీ రూపం చెప్పే సీఎస్ఎస్ ఫైళ్ళని అందించడానికి వైట్‌నాయిస్, ఎందుకంటే డీబగ్ ఆఫ్ చేస్తే జాంగో స్టాటిక్ ఫైళ్ళు ఇవ్వడం మానేస్తుంది, పేజీ అంతా 1996 నాటి సైట్ లా తయారవుతుంది. ఇంకా సీఎస్ఆర్ఎఫ్ ట్రస్టెడ్ ఆరిజిన్స్ అని, ఫారాలు ఏ సైట్ల నుంచి వస్తే నమ్మాలో చెప్పే లిస్టు ఒకటి ఉంటుంది, జాంగో 4.0 నుంచి దాంట్లో డొమైన్ ముందు హెచ్‌టీటీపీఎస్ తో సహా రాయాలి, పాత బ్లాగులు చూసి ఉత్త డొమైన్ ఒక్కటే పెడితే ఒప్పుకోదు.

యాప్ లేచింది. లింక్ మాస్టారికి పంపా.

మర్నాడు ఫోన్. "ఒరే అబ్బాయ్, నీ సైటు పొద్దున్నే లేవదేంట్రా, తెల్లటి తెర చూపించి కూర్చుంది."

నిజమే, ఫ్రీ ప్లాన్ లో కాసేపు ఎవరూ రాకపోతే యాప్ ని పడుకోబెట్టేస్తారు, మళ్ళీ ఎవరైనా వస్తే లేపుతారు, లేవడానికి టైం పడుతుంది. మన లైబ్రరీకి జనం పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట వస్తారు, అంటే వచ్చిన ప్రతి పూటా మొదటి మనిషికి నిద్రమొహం సైటే. దానికంటే పెద్దది ఇంకోటి. మాస్టారి మనవరాలు ఓపిగ్గా కవర్ ఫోటోలు తీసి ఎక్కించింది, నేను ఒక చిన్న స్పెల్లింగ్ దిద్ది మళ్ళీ పుష్ చేశా, ఫోటోలన్నీ మాయం. ఇది వాళ్ళ తప్పు కాదు, డాక్యుమెంటేషన్ లో రాసే ఉంది, ఆ కంటైనర్ కి, అంటే యాప్ నడిచే పెట్టెకి, ఉన్న డిస్క్ తాత్కాలికం, ప్రతి డిప్లాయ్ కి కొత్త కంటైనర్, పాతదానితో పాటు దాంట్లో రాసినవీ పోతాయి. లాప్‌టాప్ లో మీడియా ఫోల్డర్ అని ఒకటి ఉంటుంది, అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది అని మనకి చెప్పకుండానే ఒక నమ్మకం. ఆ పిల్ల దగ్గర ఒరిజినల్స్ ఫోన్ లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాం.

డబ్బులు కట్టి అక్కడే ఉండొచ్చు, కానీ యాప్ కి వేరే, డేటాబేస్ కి వేరే, డిస్క్ కి వేరే కట్టాలి. అన్నీ కలిపితే ఒక చిన్న వర్చువల్ మెషీన్ అద్దెకి తీసుకుని అన్నీ దాంట్లోనే నడుపుకోవడం చవక అనిపించింది. పని ఎక్కువ, అది తెలిసే ఎంచుకున్నా.

శనివారం రాత్రి: హైదరాబాద్ రీజియన్

ఏడబ్ల్యూఎస్ (మెషీన్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్) కి మన దేశంలో రెండు రీజియన్లు, అంటే డేటా సెంటర్లున్న ప్రాంతాలు, ముంబై 2016 లో వచ్చింది, హైదరాబాద్ 2022 నవంబర్ లో. మనూరి సైట్ హైదరాబాద్ లో ఉంటే బాగుంటుంది కదా అని అదే తీసుకున్నా. నిజం చెప్పాలంటే దీంట్లో లెక్క కంటే ముచ్చటే ఎక్కువ, ఈ సైజు యాప్ కి ముంబై ఐనా తేడా తెలీదు, పైగా తెనాలి నుంచి బయల్దేరిన ప్యాకెట్ బస్సు రూట్ లో ఏమీ పోదు, మన ఇంటర్నెట్ వాడు ఏ ఊళ్ళో ఎవరితో కలుపుకున్నాడో ఆ దారిన తిరిగి వస్తుంది.

కన్సోల్ లో వెతికితే హైదరాబాద్ కనపడకపోతే కంగారు పడొద్దు. 2019 మార్చి తర్వాత వచ్చిన రీజియన్లు అకౌంట్ లో ముందే ఆన్ అయి ఉండవు, అకౌంట్ సెట్టింగ్స్ లోకి వెళ్ళి మనం ఎనేబుల్ చెయ్యాలి, చేశాక కాసేపు ఆగాలి.

మెషీన్ టీ4జీ స్మాల్, రెండు సీపీయూలు, 2 జీబీ మెమరీ. ఉబుంటు వేశా. టీ4జీ చవక, ఎందుకంటే అది ఇంటెల్ కాదు, వాళ్ళ సొంత గ్రావిటాన్ చిప్, ఆర్మ్ రకం. సంతోషంగా లాప్‌టాప్ లో డాకర్ ఇమేజ్ (కంటైనర్ కి మూస) కట్టి పైకి తోసి రన్ చేస్తే ఒక్కటే లైను: ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్. నా లాప్‌టాప్ ఇంటెల్, ఇమేజ్ కూడా ఇంటెల్ కోసమే కట్టుకుంది, అక్కడ ఆర్మ్ చిప్ కి ఆ భాష రాదు. బిల్డెక్స్ అనే డాకర్ పనిముట్టులో ప్లాట్‌ఫామ్ లినక్స్ ఆర్మ్64 అని చెప్పి కట్టొచ్చు, కానీ ఇంటెల్ మీద ఆర్మ్ ని అనుకరిస్తూ కట్టడం మహా నిదానం. చివరికి కోడ్ ని సర్వర్ కే లాగి అక్కడే బిల్డ్ చేస్తున్నా. ఇంత చిన్న ప్రాజెక్టుకి ఇది చాలు, ఎవరైనా వచ్చి కోడ్ మారగానే దానంతట అదే కట్టి పైకెక్కించే సీఐ సీడీ పైప్‌లైన్ ఏదీ అని అడిగితే నవ్వి ఊరుకుంటా.

డాకర్ కంపోజ్ (కంటైనర్లన్నిటినీ కలిపి నడిపేది) లో మూడు కంటైనర్లు: జాంగో తో గునికార్న్, పోస్ట్‌గ్రెస్, ముందు వాకిట్లో, బయటి నుంచి వచ్చేవాళ్ళని లోపలికి పంపే వెబ్ సర్వర్ కాడీ. ఎంజినెక్స్ వాడొచ్చు, కానీ కాడీ అయితే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ దానంతట అదే, సర్టిఫికెట్లు ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి తెచ్చుకుని, గడువు కి ముందే మార్చుకుంటుంది, కాన్ఫిగ్ ఫైల్ నాలుగు లైన్లు. రెండు జాగ్రత్తలు. కాడీ డేటా ఫోల్డర్ ని తప్పకుండా వాల్యూమ్ (కంటైనర్ పోయినా నిలిచే డిస్క్ జాగా) లో పెట్టండి, లేకపోతే కంటైనర్ కొత్తగా తయారైన ప్రతిసారీ కొత్త సర్టిఫికెట్ అడుగుతుంది, ఒకే డొమైన్ కి వారంలో 5 దాటితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇక ఇవ్వదు, కొంతకాలం ఆగాల్సిందే. ప్రయోగాలకి వాళ్ళ స్టేజింగ్ సర్వర్ ఉంది, అది వాడుకోవాలి. రెండోది, సెక్యూరిటీ గ్రూప్ (ఏడబ్ల్యూఎస్ వాళ్ళ ఫైర్‌వాల్) లో 80, 443 పోర్టులు రెండూ తెరిచి, డొమైన్ కి ఐపీ అడ్రస్ చెప్పే "A" రికార్డు కొత్త ఐపీ కి తిరిగిందని డిగ్ కమాండ్ తో చూసుకున్నాకే కాడీ ని లేపండి.

పోస్ట్‌గ్రెస్ పోర్ట్ ని బయటికి పబ్లిష్ చెయ్యొద్దు, కంపోజ్ లో కంటైనర్లు ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకుంటాయి, బయట అవసరమే లేదు. ఉబుంటు లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేశాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు, డాకర్ పబ్లిష్ చేసిన పోర్టులు దాన్ని పక్కకి నెట్టి ఐపీటేబుల్స్ (లినక్స్ అసలు ఫైర్‌వాల్ నియమాలు) లో సొంత దారి వేసుకుంటాయి. ఈ సంగతి తెలీక డేటాబేస్ ని ఊరందరికీ తెరిచిపెట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆదివారం: మెంబర్ కార్డు మీద డబ్బాలు

సైట్ లేచింది, తాళం గుర్తు వచ్చింది, లాగిన్ అయింది, పుస్తకాలు కనిపిస్తున్నాయి. మెంబర్ కార్డు పీడీఎఫ్ నొక్కా. పేరు ఉండాల్సిన చోట ఖాళీ చతురస్రాలు, వరసగా, నీట్ గా.

ఈ పీడీఎఫ్ కథ పెద్దది, కొంచెం ఓపిక పట్టండి, తెలుగులో ఏదైనా ప్రింట్ చేసే యాప్ కట్టేవాళ్ళకి ఇది పనికొస్తుంది. మొదట్లో రిపోర్ట్‌ల్యాబ్ తో చేశా. దానికి తెలుగు ఫాంట్ ఇస్తే అక్షరాలు వస్తాయి కానీ మామూలుగా ఒక్కో కోడ్ కి ఒక్కో బొమ్మ పెట్టుకుంటూ పోతుంది, అంటే "కృష్ణ" లో ష కి ణ వత్తు ఇవ్వాలన్న సంగతి దానికి తెలీదు, ష పక్కన పొల్లు, దాని పక్కన ణ, విడివిడిగా. తెలుగు అక్షరాల్ని కలిపి సరైన రూపంలో కూర్చడానికి షేపింగ్ ఇంజిన్ కావాలి, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లలో ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తుంది. వీజీప్రింట్ అనే పైథాన్ లైబ్రరీ పాంగో ద్వారా అదే హార్ఫ్‌బజ్ ని వాడుకుంటుంది, హెచ్‌టీఎంఎల్ ఇస్తే పీడీఎఫ్ ఇస్తుంది. దానికి మారాక లాప్‌టాప్ లో కార్డులు ముత్యాల్లా వచ్చాయి.

మరి సర్వర్ లో డబ్బాలు ఎందుకు? నేను వాడిన పైథాన్ స్లిమ్ ఇమేజ్ లో తెలుగు ఫాంట్ కాదు కదా అసలు ఏ ఫాంటూ ఉండదు. లాప్‌టాప్ లో ఉబుంటు డెస్క్‌టాప్ తో పాటే తెలుగు ఫాంట్ వచ్చేసింది, నేను ఎప్పుడూ ఇన్‌స్టాల్ చెయ్యలేదు, సీఎస్ఎస్ లో ఫాంట్ పేరు కూడా రాయలేదు, అది వెతికి పెట్టుకుంటోంది, నాకు తెలీనే తెలీదు. కంటైనర్ లోకి వెళ్ళి, ఫాంట్ల లిస్టు చూపించే ఎఫ్‌సీ-లిస్ట్ కమాండ్ ని భాష "టీఈ" అని ఇచ్చి కొట్టా, సమాధానం ఖాళీ. లాప్‌టాప్ లో అదే కమాండ్ కి బోలెడు లైన్లు.

ఆ ఇమేజ్ కి కింద ఉన్న లినక్స్ డెబియన్, అందులో నోటో కోర్ అనే ఫాంట్ ప్యాకేజీ ఉంది, అది వేస్తే సమస్య తీరుతుంది, కానీ దాంతో ప్రపంచంలోని లిపులు బోలెడు దిగుతాయి, ఇమేజ్ ఉబ్బుతుంది. నేను నోటో శాన్స్ తెలుగు ఫైళ్ళు రెండే, మామూలుది, బోల్డ్ ది, ప్రాజెక్ట్ ఫోల్డర్ లో పెట్టి, డాకర్‌ఫైల్ లో వాటిని ఫాంట్ల డైరెక్టరీ లోకి కాపీ చేసి ఎఫ్‌సీ-క్యాష్ నడిపించా. లైసెన్స్ ఓపెన్ ఫాంట్ లైసెన్సే కాబట్టి ఇబ్బంది లేదు. పాంగో లైబ్రరీలు కూడా స్లిమ్ ఇమేజ్ లో ఉండవు, అవీ ఆప్ట్ తో వెయ్యాలి. సీఎస్ఎస్ లో ఫాంట్ పేరు ఇప్పుడు స్పష్టంగా రాశా. బిల్డ్ చివర్లో ఒక చిన్న చెక్ కూడా పెట్టా, ఎఫ్‌సీ-లిస్ట్ లో తెలుగు లేకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోవాలి.

కార్డు వచ్చింది. మాస్టారు చూసి "ఫాంటు సన్నంగా ఉందిరా, పెద్దోళ్ళకి ఆనదు" అన్నారు. సైజు పెంచా.

సోమవారం నుంచి గురువారం దాకా, ఆఫీసు అయ్యాక కొంచెం కొంచెంగా: అకారాది

ఇది నేను అస్సలు ఊహించని చోట వచ్చింది. మాస్టారికి పుస్తకాల లిస్టు అకారాది క్రమంలో కావాలి. లాప్‌టాప్ లో ఒక వరస, సర్వర్ లో ఇంకో వరస. కోడ్ అదే, డేటా అదే. తేడా ఏంటంటే డేటాబేస్ తయారైనప్పుడు దానికి ఇచ్చిన లోకేల్, అక్షరాల్ని ఏ వరసలో పేర్చాలో పోస్ట్‌గ్రెస్ దాన్నిబట్టి చూస్తుంది, లాప్‌టాప్ లో ఒకటి, ఇమేజ్ లో ఒకటి. నేను రెండు చోట్లా ఏదీ అడగలేదు, దొరికింది తీసుకున్నా.

సరే, ఎక్కడైనా ఒకేలా ఉండాలంటే ఆ కాలమ్ కి కొలేషన్ (అక్షరాల్ని పేర్చే నియమం) "సీ" అని పెట్టేయొచ్చు, జాంగో ఫీల్డ్ లో డీబీ కొలేషన్ అనే ఆప్షన్ 3.2 నుంచీ ఉంది. అప్పుడు యూనికోడ్ నంబర్ల వరసలో వస్తాయి. తెలుగుకి ఇది అనుకున్నదానికంటే బాగా పనిచేస్తుంది. సున్నా అచ్చుల కంటే ముందు ఉంటుంది కాబట్టి "అంకం" "అకటా" కంటే ముందొస్తుంది, నిఘంటువుల్లో లాగే. గుణింతాలన్నీ అయ్యాక పొల్లు ఉంటుంది కాబట్టి "కౌలు" తర్వాత "క్రమం" వస్తుంది, అదీ కరెక్టే. లిస్టు పంపి ఇక అయిపోయింది అనుకున్నా.

"కళ ముందొచ్చి కవి తర్వాత వచ్చాడేంట్రా?"

చూస్తే నిజమే. యూనికోడ్ లో ల పక్కనే ళ ని కూర్చోబెట్టారు, ర పక్కనే ఱ ని. మన వర్ణమాలలో ళ ఎక్కడుంటుంది? హ అయ్యాక. అంటే నిఘంటువు ప్రకారం "కవి" ముందు, "కళ" తర్వాత. కంప్యూటర్ కి రివర్స్. ళ తో మొదలయ్యే పుస్తకం ఏదీ లేదు కదా అని నేను లైట్ తీసుకున్నా, పదం మధ్యలో వచ్చే ళ సంగతి మాస్టారు పట్టేశారు, నలభై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషి దగ్గర ఇవి చెల్లవు.

ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ కొలేషన్లతో కుస్తీ పట్టే బదులు సొంత కీ తయారుచేసుకున్నా. పైథాన్ లో ఒక చిన్న ఫంక్షన్, పేరులో ఉన్న ఒక్కో అక్షరానికి వర్ణమాలలో దాని స్థానాన్నిబట్టి ఒక నంబరు, ఆ నంబర్లన్నీ కలిపి ఒక స్ట్రింగ్, అది వరస కీ అనే వేరే కాలమ్ లో సేవ్ అవుతుంది, లిస్టు దాని మీద సార్ట్ అవుతుంది. ఆ కాలమ్ లో ఉండేవి ఉత్త అంకెలు కాబట్టి లోకేల్ ఏదైనా గొడవ లేదు. డేటాబేస్ ఎక్కడికి మార్చినా వరస మారదు. ఇదే నాకు నచ్చింది.

మొత్తం డేటాబేస్ నే సీ లోకేల్ తో పెట్టేద్దాం అని ఒక దశలో అనిపించింది, పెట్టకపోవడం మంచిదైంది. సెర్చ్ లో స్పెల్లింగ్ కాస్త అటూ ఇటూ అయినా దొరకాలని పోస్ట్‌గ్రెస్ మూడేసి అక్షరాల ముక్కలు పోల్చే ట్రైగ్రామ్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నా, సీ లోకేల్ డేటాబేస్ లో అది తెలుగు అక్షరాల్ని అక్షరాల కిందే లెక్కపెట్టదు, పోలిక ఎప్పుడూ సున్నా వస్తుంది.

సెర్చ్ అన్నాక ఇంకోటి. మాస్టారు "పోస్ట్‌మాన్" అని వెతికితే దొరకట్లేదు, నాకు దొరుకుతోంది. తెలుగులో ట్ కింద మ వత్తుగా కలిసిపోకుండా రెండూ విడిగా చూపించడానికి మధ్యలో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు, కన్వర్టర్ కొన్ని చోట్ల పెట్టింది కొన్ని చోట్ల మానేసింది. స్క్రీన్ మీద చూస్తే తేడా తెలిసీ తెలీకుండా ఉంటుంది, డేటాబేస్ కి మాత్రం రెండూ వేరే పదాలు. అందుకని సెర్చ్ కోసం ఇంకో కాలమ్: దాంట్లోంచి ఆ కనపడని క్యారెక్టర్లు తీసేస్తా, "సమ్పూర్ణ" ని "సంపూర్ణ" చేస్తా, యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ (ఒక అక్షరాన్ని ఎప్పుడూ ఒకేలా రాసే రూపం) కి మారుస్తా. తెలుగులో ఎన్ఎఫ్‌సీ ప్రభావం ఉండేది ఒక్క ఐత్వం మీదే, అది రెండు ముక్కలుగా కూడా రాయొచ్చు, మిగతా గుణింతాలకి ఆ గొడవ లేదు. వెతికే పదానికి కూడా అదే శుద్ధి చేసి పోలుస్తా. సేవ్ చేసే అసలు పేరు జోలికి మాత్రం పోను, అది మాస్టారు దిద్దినది దిద్దినట్టే ఉంటుంది.

శుక్రవారం: మధ్యాహ్నం రెండున్నరకి పొద్దు పొడిచింది

గడువు దాటినవాళ్ళ లిస్టు రోజూ పొద్దున 9 కి తయారవ్వాలి, క్రాన్ (చెప్పిన టైం కి పని నడిపేది) లో పెట్టా. అది మధ్యాహ్నం 2:30 కి వచ్చింది. ఈ నంబర్ చూడగానే కారణం తెలిసిపోతుంది, అయిదున్నర గంటల తేడా, సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైం) లో ఉంది. జాంగో లో టైమ్ జోన్ ఏషియా కోల్‌కతా అని ముందే పెట్టాను, అది జాంగో లోపలి వరకే, బయట క్రాన్ కి దాంతో సంబంధం లేదు. టైమ్‌డేట్‌సీటీఎల్ తో మెషీన్ టైమ్ జోన్ మార్చి, క్రాన్ ని రీస్టార్ట్ చేశా. రీస్టార్ట్ చెయ్యకపోతే పాత టైం లోనే తిరుగుతూ ఉంటుంది.

లిస్టుని ఈమెయిల్ పంపాలా అన్న చర్చ ఎక్కువసేపు సాగలేదు. ఈసీ2, అంటే ఏడబ్ల్యూఎస్ అద్దె మెషీన్, నుంచి 25 పోర్ట్ మీద మెయిల్ పంపడం మామూలుగా బ్లాక్ చేసి ఉంటుంది, వేరే సర్వీస్ పెట్టుకోవాలి, అదంతా చేసినా మా ఊళ్ళో ఈమెయిల్ తెరిచేదెవరు. లిస్టు పక్కన మెసేజ్ కాపీ చేసుకునే బటన్ పెట్టా, మాస్టారు వాట్సాప్ లో పంపుకుంటారు. ఆయన ఎలాగూ కింద ఒక పద్యం తగిలిస్తారు.

తర్వాతి శనివారం: ఫోటోలు, బ్యాకప్, ఒక హాప్

ఈసారి కవర్ ఫోటోలు ఎస్3 (ఏడబ్ల్యూఎస్ లో ఫైళ్ళు దాచే చోటు) లో పెట్టా. లాప్‌టాప్ లో టెస్ట్ చేస్తే అప్‌లోడ్ అవుతోంది. సర్వర్ కి ఐఏఎం రోల్ తగిలించా, అంటే కీలు ఫైల్ లో రాసిపెట్టే పని లేకుండా మెషీనే తాత్కాలిక అనుమతులు తెచ్చుకుంటుంది. సర్వర్ మీద నేరుగా కమాండ్ కొడితే పనిచేస్తోంది. అదే సర్వర్ లో జాంగో కంటైనర్ లోంచి అయితే క్రెడెన్షియల్స్ దొరకలేదు అంటోంది. లాప్‌టాప్ లో హోమ్ ఫోల్డర్ లో నా కీలు ఎప్పటివో ఉన్నాయి, లైబ్రరీ వాటిని చడీచప్పుడు లేకుండా వాడేసుకుంటోంది, అందుకే అక్కడ నడిచింది, అది వేరే విషయం. సర్వర్ లో సంగతేంటంటే ఆ అనుమతులు మెటాడేటా సర్వీస్ అనే లోపలి అడ్రస్ నుంచి వస్తాయి, దాని కొత్త వెర్షన్ లో సమాధానం ఎన్ని అంగలు దాటి పోవచ్చో ఒక హాప్ లిమిట్ ఉంటుంది. అది 1 అయితే మెషీన్ వరకే, డాకర్ నెట్‌వర్క్ లోపలి కంటైనర్ కి చేరాలంటే ఇంకో అంగ కావాలి. 2 చేశా, అప్‌లోడ్ అయింది. దీని మీద ఎర్రర్ మెసేజ్ లో హాప్ అన్న మాటే ఉండదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

బ్యాకప్: రాత్రి పీజీ డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి ఎస్3 లో వేరే బకెట్ కి, అంటే వేరే ఫోల్డర్ లాంటిదానికి. ఆ బకెట్ కి వర్షనింగ్ ఆన్, పాతవి కొన్నాళ్ళకి తీసెయ్యమని లైఫ్‌సైకిల్ రూల్. బ్యాకప్ ఫైల్ ఉంటే సరిపోదు, తెరుచుకోవాలి, అందుకని దాన్ని లాప్‌టాప్ కి దించి ఖాళీ డేటాబేస్ లోకి పీజీ రిస్టోర్ చేసి పుస్తకాల లెక్క, మెంబర్ల లెక్క, అకారాది లిస్టులో మొదటి పేజీ, చివరి పేజీ పోల్చి చూశా. కలిశాయి. వరస కీ కాలమ్ పెట్టుకున్నది ఇక్కడ అక్కరకొచ్చింది, లోకేల్ వేరైనా లిస్టు చెక్కు చెదరలేదు.

మెమరీ గురించి చిన్న నోట్. గునికార్న్ వాళ్ళ డాక్యుమెంటేషన్ లో వర్కర్లు సీపీయూల సంఖ్యకి రెట్టింపు ప్లస్ ఒకటి అని ఉంటుంది, అంటే నాకు 5. కానీ ఒకేసారి అందరి కార్డులూ పీడీఎఫ్ చేస్తే వీజీప్రింట్ మెమరీ బాగా తింటుంది, 2 జీబీ లోనే పోస్ట్‌గ్రెస్ కూడా బతకాలి. 2 వర్కర్లు పెట్టి, కొంచెం స్వాప్ (మెమరీ చాలకపోతే వాడే డిస్క్ జాగా) ఇచ్చా. రోజుకి పాతిక మంది వచ్చే సైట్ కి అయిదుగురు పనివాళ్ళు ఎందుకు చెప్పండి.

బిల్లు

మెషీన్, డిస్క్ కాక పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్ కి విడిగా చార్జ్ ఉంది, 2024 ఫిబ్రవరి నుంచి గంటకి 0.005 డాలర్, నెలకి మూడున్నర డాలర్ల పైన. చాలా లెక్కల్లో ఇది మర్చిపోతారు. పైన 18 శాతం జీఎస్టీ. ఇంకోటి, టీ4జీ మెషీన్లు మామూలుగా అన్‌లిమిటెడ్ మోడ్ లో లేస్తాయి, అంటే సీపీయూ క్రెడిట్లు (ఖాళీగా ఉన్నప్పుడు పోగయ్యే వాడకం కోటా) అయిపోయినా నెమ్మదించకుండా పరిగెత్తి ఆ ఎక్స్‌ట్రా బిల్లులో వేస్తాయి. మాది ఎలాగూ ఖాళీగానే ఉంటుంది కానీ ఏదైనా ప్రాసెస్ పిచ్చెక్కి తిరిగితే? స్టాండర్డ్ మోడ్ కి మార్చా, నెమ్మదిస్తే నెమ్మదించనీ. బడ్జెట్ అలర్ట్ నాకూ, మాస్టారి అబ్బాయికీ ఇద్దరికీ పోయేలా పెట్టా, ఎందుకంటే బిల్లు కట్టే కార్డు ఆ అబ్బాయిది.

ఇప్పుడు ఎక్కడున్నాం

సైట్ నడుస్తోంది. మాస్టారు ఇవ్వడం తీసుకోవడం ఫోన్ లోనే చేస్తున్నారు, పక్కన రిజిస్టర్ లో కూడా రాస్తున్నారు, అది మానమని నేను చెప్పను, కరెంట్ పోయి టవర్ పడుకున్న రోజు అదే దిక్కు. అప్‌డేట్ చెయ్యాలంటే సర్వర్ లోకి వెళ్ళి గిట్ పుల్, బిల్డ్, మైగ్రేట్ (డేటాబేస్ ఆకారంలో మార్పులు చెయ్యడం), కంపోజ్ అప్, ఇవన్నీ ఒక షెల్ స్క్రిప్ట్ లో పెట్టా, మైగ్రేట్ కి ముందు ఒక డంప్ తీసేలా. కంటైనర్ మారేటప్పుడు కొన్ని సెకన్లు సైట్ ఆగుతుంది, లైబ్రరీ తలుపు వేసి ఉన్నప్పుడే చేస్తా కాబట్టి ఎవరికీ తెలీదు.

మిగిలినవి: డాకర్ లాగ్ ఫైళ్ళు వాటంతటవి చిన్నవి కావు, సైజు లిమిట్ పెట్టాలి, లేకపోతే ఎప్పుడో ఒకరోజు డిస్క్ నిండి పోస్ట్‌గ్రెస్ రాయడం ఆపేస్తుంది. బయటి నుంచి సైట్ బతికుందో లేదో చూసే పింగ్ ఒకటి పెట్టాలి. ఇక మాస్టారి కొత్త కోరిక, రచయితల లిస్టు కూడా అకారాదిలో కావాలట, ఇంటిపేరుతో. సగం ఎంట్రీల్లో ఇంటిపేరు ముందుంది, కొన్నిట్లో చివర్న ఉంది, కొంతమందికి కలం పేరు మాత్రమే ఉంది. దానికి కోడ్ ఏమీ చెయ్యలేదు, ఎక్సెల్ ఎక్స్‌పోర్ట్ చేసి ఆయనకే పంపా, దిద్దుతున్నారు, ప్రస్తుతానికి "గ" దాకా వచ్చారు.